ఖాళీ లిఫ్టుకు పాస్ మార్కులు

మార్చి 3, ఉదయం 9.40

ఈ రోజు నుంచి నేను కూడా డైరీ రాసే మహానుభావుల జాబితాలో చేరాను. కారణం సాహిత్యం కాదు, హోల్టర్ అనే గుండె రికార్డరు. ఛాతీ మీద వైర్లు అతికించి, నడుముకి ఒక డబ్బా కట్టి, ఇరవై నాలుగు గంటలు దీనితో కాపురం చెయ్యమన్నారు. ఎప్పుడు ఏం చేశానో, ఎలా అనిపించిందో టైముతో సహా రాయాలట. నర్సు ఇచ్చిన కాగితంలో ఒక్కో గడిలో చీమ కూడా ఒత్తిగిలి పడుకోవాలి. అందుకే ఈ నోట్‌బుక్.

కేసు పూర్వాపరాలు: నేను లిఫ్ట్ మెకానిక్‌ని. జనవరిలో ఏడో అంతస్తు దగ్గర క్యాబిన్ పైకప్పు మీద నిలబడి తలుపు రోలర్ మారుస్తుంటే, గుండె ఉన్నట్టుండి పరుగు లంకించుకుంది. కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాను. మా మేస్త్రీ గారు రెక్క పట్టుకున్నారు కాబట్టి ఈ వాక్యం రాయగలుగుతున్నాను. కారణం తేలి, బాగయ్యే దాకా లిఫ్టు తిరిగే షాఫ్ట్‌లో కాలు పెట్టొద్దని సూపర్‌వైజర్ ఆర్డరు.

నాకు మళ్లీ ఆ పైకప్పు మీద నిలబడాలనుంది. మిగతా కోరికలన్నీ వాయిదా.

11.15

మంచం. అమ్మ ఆజ్ఞ. కదిలితే డబ్బా పాడవుతుందట.

1.30

మంచినీళ్ల కోసం లేచాను. అమ్మా అక్కా ఒకేసారి ఒరేయ్ అన్నారు. శ్రుతి కలిసింది.

5.00

టీవీ కూడా బంద్. సీరియల్‌లో ఆ పిల్ల ఏడిస్తే వీడి గుండె ఏమవుతుందో అని అక్క రిమోట్ దాచేసింది.

మార్చి 9

రిపోర్టు శుభ్రం. డాక్టరమ్మ ఇందులో ఏమీ దొరకలేదన్నారు. జనవరిలో మాత్ర మొదలెట్టాక, వారానికి రెండుసార్లు వచ్చే పరుగు నెలకు ఒకసారే వస్తోంది కదా, అదే కొనసాగిద్దాం, కూర్చుని చేసే పని చూసుకోండి అన్నారు. అమ్మ ఆవిడకి చేతులెత్తి దండం పెట్టింది. మాత్ర వేసుకుంటే మెట్లు ఎక్కడం మోకాలి లోతు నీళ్లలో నడిచినట్టుంటుందని చెప్పాను. అలవాటవుతుందన్నారు.

మార్చి 12

కంప్లెయింట్ ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. లిఫ్టులో ఇరుక్కున్న వాళ్లకి కంగారు పడకండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి అని చెప్పడం నా కొత్త ఉద్యోగం. ఒక చేత్తో ఫోను, రెండో చెయ్యి నాడి కోసం మెడ దాకా పోకుండా టేబుల్ కింద దాచుకున్నాను. ఆగలేదు. ఈ రోజు నాడి నలభై ఒక్కసార్లు చూసుకున్నాను.

మార్చి 13

ముప్పై ఎనిమిది. అభివృద్ధి.

మార్చి 14

మధ్యాహ్నం మేస్త్రీ గారు వచ్చి నా టేబుల్ మీద కూర్చున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన కుర్చీ వాడిన దాఖలా లేదు. రిపోర్టు గర్వంగా చూపించాను. డబ్బా కట్టిన రోజు ఏం చేశావురా అబ్బాయ్ అన్నారు. పడుకున్నానండీ అన్నాను. మెట్లెక్కలేదా? లేదు. వంగి లేవలేదా? లేదు. బరువు? అమ్మ గ్లాసు కూడా ఎత్తనివ్వలేదన్నాను.

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి నా జేబులో కుక్కారు. లిఫ్టు మధ్యలో ఆగుతోందని కంప్లెయింట్ వస్తే, ఖాళీగా రెండుసార్లు తిప్పి బాగుందని సంతకం పెట్టమని నీకు నేను నేర్పలేదే, ఈ విద్య బయట ఎవరి దగ్గర నేర్చావు అన్నారు.

ఫుల్ లోడు పెట్టి, తప్పు దొరికేదాకా తిప్పు. మా పనిలో మొదటి రోజు చెప్పే మాట ఇది. ఇంజినీరింగ్ పట్టా ఉన్న నేను నా గుండెని ఖాళీగా తిప్పి పాస్ చేయించుకున్నాను.

మార్చి 16

డబ్బా మళ్లీ కావాలన్నాను. పోయినసారి ఏం చేశానో విని డాక్టరమ్మ కళ్లజోడు తీసి మరీ నవ్వారు. రోజూ చేసే పనులన్నీ చెయ్యాలని నర్సు ఇచ్చిన కాగితంలో మొదటి లైన్లోనే ఉంది. అమ్మ ఆ లైను చదివిందట. అది ఒంట్లో బాగున్న వాళ్లకేమో అనుకుందట.

ఈసారి మెట్లెక్కమన్నారు. తోడు తీసుకెళ్లమన్నారు. కళ్లు తిరిగితే అక్కడికక్కడే కూర్చోమన్నారు.

మార్చి 18, ఉదయం 10.20

ఆఫీసు మెట్లు, పన్నెండు అంతస్తులు. నా నడుముకి మళ్లీ డబ్బా, భుజాన టూల్ బ్యాగు, వెనక మేస్త్రీ గారు, ఆయన వెనక అమ్మ. నువ్వు రావద్దన్నాను. నిన్ను కన్నదెవర్రా అంది. ఈ పాయింటు మీద ఎవరూ గెలవలేదు.

10.41

తొమ్మిదో అంతస్తు. పరుగు వచ్చింది! డబ్బా మీద బటన్ నొక్కాను.

11.10

పోయింది. నా మెడ దగ్గర ఎగిరెగిరి పడుతున్న నరాన్ని అమ్మ చూసింది. అరుస్తుందనుకున్నాను. నా పక్కన మెట్టు మీద కూర్చుంది, అంతే. తర్వాత, ప్రతిసారీ ఇలాగే ఉంటుందా నాన్నా అని అడిగింది. జోకు వేద్దామని చూశాను. ఒక్కటీ తట్టక, అవునమ్మా అన్నాను.

మార్చి 23

దొంగ దొరికాడు. గుండె నిమిషానికి 188 సార్లు కొట్టుకుందట. గుండెలో పుట్టుకతోనే ఒక అదనపు దారి ఉందట, కరెంటు అందులో పడి గిరగిరా తిరుగుతోందట. ఈ భాష నాకొచ్చు.

ఇక మార్గాలు రెండు. ఒకటి, ఇదే మాత్ర, ఇలాగే. రెండు, తొడ దగ్గర నుంచి వైరు పంపి ఆ దారిని కాల్చెయ్యడం. చాలామందికి పూర్తిగా పోతుంది. నూటికి ఒకరికి అసలు దారి కూడా దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు.

మాత్రే నయం, ప్రాణం కంటే ఆ షాఫ్టు ఎక్కువట్రా నీకు అంది అక్క. నెలకొకటి అంటే మందు పనిచేస్తున్నట్టే అన్నారు డాక్టరమ్మ. అసలు వైద్యం నుంచి మీకేం కావాలి అని కూడా అడిగారు. ఈ ప్రశ్న నన్ను అడగడం ఇదే మొదటిసారి.

చెప్పాను. నెలకొకటి మీ లెక్కలో ఒకటేనండీ. నా లెక్కలో ముప్పై రోజులూ దాని గుమ్మం దగ్గర కాపలా. ఏ రోజు వస్తుందో చెప్పండి, మాత్రతోనే సర్దుకుంటాను. తక్కువసార్లు రావడం కాదు, దాని సంగతి మర్చిపోయి పని చేసుకోవడం కావాలి. ఆ నూటిలో ఒకణ్ణి నేనే అయితే జీవితాంతం ఫోన్ దగ్గర కూర్చుంటాను. కానీ ప్రయత్నించి కూర్చుంటాను.

అక్క నోరు తెరిచింది. నువ్వు ఆ మెట్ల మీద లేవు, ఊరుకో అంది అమ్మ.

మార్చి 24

కాల్చడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాను.

ఏప్రిల్ 6, సాయంత్రం 6.00

కాలు మడవకూడదు, పడుకునే రాస్తున్నాను. మెలకువగా ఉండగానే చేశారు. ముందు వాళ్లే పరుగు తెప్పించాలట. లోపల వైరుతో గిల్లగానే రానే వచ్చింది. గాజు తలుపు అవతల నుంచి డాక్టరమ్మ మైకులో ఇదేనా అని అడిగారు. పోలీస్ స్టేషన్లో దొంగల్ని వరసగా నిలబెట్టి గుర్తుపట్టమన్నట్టు. వీడేనండీ అన్నాను.

కాల్చారు. మళ్లీ తెప్పించడానికి అరగంట పాటు గిల్లారు. రాలేదు.

ఏప్రిల్ 7

లేచి నాలుగడుగులు వెయ్యరా అంటోంది అమ్మ. ఈ తేదీ చరిత్రలో ఉండాలి.

మే 4

మాత్ర ఆపి నెల. డాక్టరమ్మ ఫిట్ అని రాసిచ్చారు. సూపర్‌వైజర్ రెండుసార్లు చదివి, రేపు మేస్త్రీతో వెళ్లు అన్నాడు.

మే 5

క్యాబిన్ పైకప్పు ఎక్కాను. ఆరుసార్లు మెడ మీద వేలు పెట్టాను. ఏడోసారి మేస్త్రీ గారు, ముందు ఆ బోల్టు చూడరా, గుండె నీతోపాటే దిగుతుందిలే అన్నారు.

మే 19

ఆరో అంతస్తు దగ్గర కిర్రుమంటోంది. పైకప్పు మీద నుంచి చూశాను. ఎడమ పక్క రోలర్ అరిగింది. రేపు మార్చాలి.