పై సగం వెలగని టీవీ

బావగారికి నమస్కారాలు.

మీ చెల్లెలు నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదన్న సంగతి ఈపాటికి మీకు చేరే ఉంటుంది. నా గోడు కూడా కాస్త వినండి.

తను అడిగింది గోడంత టీవీ. నా దగ్గరున్న డబ్బుకు వచ్చేది కిటికీ అంతది. చివరికి కొట్లో ఒక మూలనున్న పెద్ద టీవీని సగం ధరకే ఇచ్చారు. తెర పై సగం వెలగదు, అంతే. మనుషులు మెడ నుంచి కిందికి బ్రహ్మాండంగా కనబడతారు.

టైలర్ని, నాకంతకంటే ఏం కావాలి? తెచ్చిన రోజే సీరియల్లో విలన్ చొక్కా జేబు చూసి అచ్చం అలాంటిదే కుట్టాను. తనేమో, "ఏడుస్తున్నది ఎవరో తెలీకుండా నేనెలా ఏడవను?" అని విరుచుకుపడింది. "బట్టలు చూసి పోల్చుకో," అన్నాను. అప్పటినుంచీ ఇంట్లో మాటల్లేవు.

అదే కొట్లో, అదే సైజులో, కింది సగం వెలగని టీవీ ఇంకొకటి ఉంది. మీది సెలూన్, మీకు తలలు కనబడితే చాలు. వచ్చినవాళ్లకు కొత్త క్రాపులు చూపించుకోవచ్చు. వెంటనే కొనేయండి. సెలవు రోజున దాన్ని మా ఇంటికి తెస్తే, నా టీవీ మీద నిలబెడదాం. మీ చెల్లెలికి వారానికోసారైనా మొత్తం మనుషులు కనబడతారు.

మధ్యలో మెడలు మాత్రం రెండడుగులు సాగుతాయి. ఆ ఒక్క విషయం మీరే నచ్చజెప్పాలి.

ఇట్లు,
మీ చెల్లెలి మొగుడు