టర్బో సంగతి రూతుకు చెప్పలేదు

జూన్ 1
భద్రాచలం నుంచి వస్తుంటే అశ్వాపురం దాటాక బామ్మర్ది ప్రభాకర్ తన టర్బో కారులో నా కారును దాటేసి పోయాడు. ఇంటికొచ్చాక అందరి ముందు — "బావా, నీది కారా, ఎడ్లబండా?" నా భార్య రూతు నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం మండిపోయింది. నాదీ టర్బో ఇంజనే. కాకపోతే ఆఫీసుకూ చర్చికీ పోయే బుద్ధిమంతుల సెడాన్.

జూన్ 7
ఖమ్మం. ఇంజన్ల వేగం పెంచే ట్యూనింగ్ షాపు. షాపతను డాష్‌బోర్డు కింద వైరు గుచ్చి లాప్‌టాప్ తెరిచాడు. "గీ చిన్న ఇంజన్ల మస్తు దమ్మున్నదన్నా. కంపెనోళ్లే గొంతు పట్టుకొని పెట్టిండ్రు. నేను జర వదులు చేస్త." విప్పింది లేదు, బిగించింది లేదు. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

తిరుగు దారిలో యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఏమీ లేదు... తర్వాత ఎవరో వెనక నుంచి తోసినట్టు. కారులో ఒక్కడినే ఉండి కేకలు పెట్టాను. ఈ వయసులో.

మొన్న ఈ మాట ఎత్తితే రూతు "ఉన్నది చాలదా నీకు?" అంది. అందుకే ఇప్పుడు చెప్పలేదు. రేపు చెప్తా.

జూన్ 8
చెప్పలేదు.

జూన్ 10
పొద్దున రూతు డ్యూటీకి కారు అడిగింది. "బస్సు పోయింది. పినపాక దాకా నేనే నడుపుకుంట పోత." తాళం ఇస్తుంటే మాట నోటిదాకా వచ్చింది. "మెల్లగా పో" అన్నాను. అంతే.
"ఏంది కొత్తగ చెప్తున్నవ్? రోజు పోయే తొవ్వనే గద."

తర్వాత ఫోన్... అడవి మలుపు దగ్గర బొగ్గు లారీని దాటబోయింది. రోడ్డంతా వాన తడి. కారు టేకు చెట్టుకు కొట్టుకుంది. కుడి మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది.

దవాఖానాలో కట్టు కడుతుంటే చెప్పింది — "ఎప్పట్లెక్కనే తొక్కిన. ఒక్కసారే ఉరికింది. బుగులు పుట్టి భయానికి స్టీరింగ్ తిప్పేసిన. నాదే తప్పు."
"పోనీలే" అన్నాను. నేను... పోనీలే అన్నాను. నేనేదో క్షమించేవాణ్ణి అయినట్టు.

జూన్ 15, ఆదివారం
చర్చి ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే సమయం. ఆడవాళ్ల వైపు నుంచి రూతు కట్టు చేత్తో లేచింది. మా సంఘంలో కారు నడిపే ఆడమనిషి తనొక్కతే. "నాకు బండి వచ్చని గర్వపడ్డ. దేవుడు నా గర్వం అణిచిండు, ప్రాణం కాసిండు. మళ్ల స్టీరింగ్ ముట్ట. నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి."
అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పక్కనున్నాయన నేను ఏడుస్తున్నాననుకుని భుజం తట్టాడు.

జూన్ 21
అన్నం సహించడం లేదు. "కారు పాడు చేసిననని నా మీద కోపమా?" అని అడిగింది. కాదన్నాను. నమ్మలేదు.

జూలై 5
కారు బాగై వచ్చింది. షెడ్డు నుంచి నేరుగా ఖమ్మం పోయి ఇంజన్‌ను మళ్లీ పాత పద్ధతిలో పెట్టించాను. "ఎందుకన్నా, మంచిగనే ఉరుకుతుండె గద" అన్నాడతను. డబ్బులిచ్చి వచ్చేశాను. రూతు మళ్లీ నడిపితే ధైర్యం అదే వస్తుంది, ఇక చెప్పే పనే ఉండదు అనుకున్నాను. అదీ నా తెలివి.

జూలై 26
కట్టు విప్పేశారు. బతిమాలి బతిమాలి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. ఊరి బయట, ఖాళీ రోడ్డు. మెల్లగా తొక్కింది. బండి బుద్ధిగా కదిలింది. ఇంకొంచెం గట్టిగా తొక్కింది. అదే నెమ్మది. నాకు సంబరం... తను మాత్రం పక్కకు తీసి ఆపేసింది.

"చూసినవా. బండిల ఏ దోషం లేదు. ఇన్ని రోజులు మనసుల ఓ మూలకు ఉండె, బండిదే అయ్యుంటదేమో అని. కాదు. నేనే."

తాళం నా చేతిలో పెట్టి దిగింది.

అప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచాను. "పోదాం పా, వానొచ్చేటట్టున్నది" అన్నాను.

జూలై 27, ఆదివారం
పాస్టరు గారు నా వైపే చూశారు. "బ్రదర్, మీరేమన్న చెప్తరా?" లేచాను. అటు వైపు నుంచి రూతు తలెత్తి చూసింది. "రూతు చెయ్యి బాగైంది. కారు బాగైంది. దేవునికి స్తోత్రం." కూర్చున్నాను.
అందరికంటే ముందు ఆమెన్ అన్నది తనే.

జూలై 28
రూతు బస్సుకు పోయింది. అన్నం డబ్బా మర్చిపోయింది. తీసుకుపోయి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు చెప్పాలి. ఇప్పటికి రెండుసార్లు కారు స్టార్ట్ చేసి ఆపేశాను. డబ్బా పక్క సీట్లోనే ఉంది.