నడినెత్తిన మందు

ద పాండ్స్, సిడ్నీ

అత్తయ్యా,

వచ్చే ఆదివారం మీ సంవత్సరీకం. ఇవాళ మీ మోకాళ్ళ మందు మీద చేసిన పరిశోధన ఫలితం తెలిసింది. ట్రయల్ నర్సు ఫోన్ చేసింది. గంజాయి మొక్క నుంచి తీసిన ఆ సీబీడీ నూనెతో నొప్పులు పెద్దగా తగ్గలేదట. కొందరికి ఉత్తి నూనే ఇచ్చారు గానీ, మీ సీసాలో ఉన్నది అసలు మందేనట.

నాకు నవ్వొచ్చింది. నాలుక కింద వేసుకోమని డాక్టరు చెబితే, మీరు పూజయ్యాక అరచేతిలో పోసుకుని తీర్థంలా పుచ్చుకునేవారు. జిడ్డు చెయ్యి నడినెత్తిన రాసుకునేవారు.

"ఏంటత్తయ్యా, సగం డోసు వేస్ట్!" అని నేను అరిస్తే, "లోపలికెళ్ళింది మోకాళ్ళకి, పైన రాసింది నిద్రకి. నువ్వూ కాస్త రాసుకోవే, కళ్ళు చూడు ఎలా గుంటలు పడ్డాయో" అనేవారు.

ఇదంతా నర్సుకి చెప్పాను. ఆవిడ "బ్లెస్ హర్" అంది.

మీ దిండు గలీబు మీద ఆ నూనె మరక ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆఫీసు, వంట, పిల్లల స్విమ్మింగు అయ్యేసరికి ఒళ్ళు హూనమవుతోంది. అయినా నిద్ర పట్టదు.

ఇవాళ ఆ గలీబు నా దిండుకి తొడిగాను.

మీ కోడలు