కుక్కల కోసం కోళ్ళు

4 మే 1984, శుక్రవారం. అహ్మది.

పక్కింటి స్కాట్లాండ్ ఇంజనీరు కాంట్రాక్టు అయిపోయింది. వచ్చే వారం వెళ్ళిపోతున్నాడు. భార్యను తీసుకెళ్తున్నాడు, పియానో తీసుకెళ్తున్నాడు, కుక్కల్ని మాత్రం తీసుకెళ్ళడట. వాళ్ళ దేశంలో బయటి కుక్కల్ని ఆరు నెలలు క్వారంటైన్‌లో పెడతారట, ఇవి పెద్దవయ్యాయి, తట్టుకోలేవట. అందుకని నొప్పి లేకుండా చంపే ఇంజెక్షన్ ఇప్పించేస్తాడట. క్వారంటైన్ తట్టుకోలేని కుక్కలు ఇంజెక్షన్ తట్టుకుంటాయని ఆయన ఉద్దేశం కాబోలు.

రెండు కుక్కలు. ఒకటి పొడుగుకాళ్ళ సలూకీ, ఎడారిలో కుందేళ్ళ వెంట పరిగెత్తే జాతి. రెండోది ఏ జాతో దాన్ని కన్న తల్లికే తెలియాలి. పేర్లు షెర్రీ, విస్కీ. ఈ దేశంలో దొరకనివాటిని కుక్కలకు పేర్లుగా పెట్టుకుని, రోజుకు పదిసార్లు పిలుచుకుని తృప్తిపడ్డాడు పాపం.

నేను ఊరి నుంచి ఈ గల్ఫ్ ఇంటికి వచ్చి నాలుగు నెలలు. కొడుకు ఖలందర్ తెల్లారి డ్యూటీకి పోతాడు. కోడలు రజియా ఆస్పత్రికి పోతుంది. ముప్పై రెండేళ్ళు రాయచోటి హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని ఏసీ గదిలో పెట్టి, రెస్ట్ తీసుకోమ్మా అంటారు, పాలు తోడుపెట్టి కదపకుండా ఉంచినట్టు. పగలంతా కంచె అవతల నుంచి నన్ను చూస్తూ కూర్చునేవి ఆ రెండే.

వాటిని మనం ఉంచుకుందాం అన్నాను. రజియా చేతిలో గరిటె ఆగిపోయింది.

5 మే.

రజియా నా తమ్ముడి కూతురే. నేనంటే భయపడే అలవాటు లేదు. ఫుప్పమ్మా, కుక్క ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారు, మీకు తెలియంది కాదే అంది. తెలుసు. దేవదూతలు రారని తెలుసు, పశువుల కాపలాకు, పొలం కాపలాకు, వేటకు కుక్కను పెట్టుకోవచ్చని కూడా తెలుసు అన్నాను.

మనకు పశువులెక్కడివి అంది.

వస్తాయి అన్నాను.

8 మే.

ఖలందర్ మసీదులో అడిగి వచ్చాడు. కాపలా పని నిజంగా ఉంటే సరే, ఇంట్లోకి మాత్రం రానివ్వకండి అన్నారట. రజియా దానికి ఇంకో షరతు కలిపింది. కోళ్ళున్నంత కాలమే కాపలా. కోళ్ళు ఖలాస్ అయితే కుక్కలూ ఖలాస్. వెటర్నరీ డాక్టరు ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించింది. మంచినీళ్ళ కోసం వెళ్ళినప్పుడల్లా ఆ చీటీ నన్ను చూస్తోంది.

11 మే, శుక్రవారం.

వఫ్రా తోటల్లో పనిచేసే తిమ్మయ్య ఎవరిదో పికప్ పట్టుకుని వచ్చాడు. మా స్కూలే. ఏడో తరగతిలో సైన్సులో పద్దెనిమిది మార్కులు వేశాను. నలభై దాటినా ఆ సంగతి వాడు మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు.

అట్టపెట్టెలో ఆరు పెట్టలు, ఒక పుంజు. ఖర్జూరపు ఈనెలతో ఒక గంప కూడా అల్లుకొచ్చాడు, అచ్చం మన ఊరి గంపే. టీచరమ్మా, ఈడ యెండకు ఇవి నిలవవు, వఫ్రాలో కూలర్లు పెట్టిన షెడ్లలోనే రాలిపోతుండాయి అన్నాడు. ఆగస్టు దాటిస్తే ఆ పద్దెనిమిది మార్కుల పరీక్ష మళ్ళీ కూచోని రాస్తానన్నాడు.

పెన్ను తెచ్చుకోమన్నాను.

15 మే.

ఇంజనీరు వెళ్ళిపోయాడు. కుక్కలకు ముద్దులు పెట్టి ఏడ్చాడు. రజియా కర్టెన్ వేసేసింది.

కుక్కల పనికి ఒక చీర వేరు పెట్టాను. నమాజుకు వేరే. మధ్యలో సబ్బు.

17 మే. పొద్దున ఏడింటికి.

పేర్లు మార్చాలని చూశాను. బర్ఫీ, జిలేబీ అని పిలిచాను. చెవి కూడా కదపలేదు. ఇంతలో విస్కీ గేటు సందులోంచి దూరి వీధిలోకి పోయింది. ఏం చేయను, గట్టిగా విస్కీ, విస్కీ అని అరిచాను. అటుగా పోతున్న ఇద్దరు పెద్దమనుషులు నిలబడిపోయారు. తలమీద ముసుగు, చేతిలో తస్బీ జపమాల, నోట్లో విస్కీ.

విస్కీ వచ్చింది. పెద్దమనుషులు వెళ్ళిపోయారు. పేర్లు అవే.

22 మే.

పెరట్లో టైంటేబుల్ పెట్టాను. ఆరింటికి కుక్కలకు తిండి, ఆరున్నరకు కోళ్ళకు నూకలు, మధ్యలో కుర్చీ వేసుకుని నేను. ఆకలితో ఉన్న ఏ క్లాసూ పాఠం వినదు. ఐదురోజులు కుక్కల్ని కట్టేసి చూపించాను. ఆరోరోజు విప్పాను. షెర్రీ ఒక్క దూకు దూకి నల్లపెట్టను పట్టింది. నేను కుర్చీలోంచి లేచేలోపు నల్లపెట్టే దాని ముక్కు మీద పొడిచింది, రక్తం వచ్చేలా. షెర్రీ వదిలేసి నా కొంగు వెనక్కి వచ్చి నిలబడింది. నాలుగు ఈకలు పోయాయి, అంతే.

అప్పటినుంచి షెర్రీకి నల్లపెట్ట అంటే మా స్టాఫుకు హెడ్మాస్టరంటే ఉన్నంత గౌరవం. నాకు ఎప్పుడూ లేదనుకోండి.

30 మే.

గోడమీద పిల్లులు లేవు. ఈ వీధిలో పిల్లులు లేని గోడ మాదొక్కటే. రజియా వినేట్టు ఈ మాట రెండుసార్లు అన్నాను.

9 జూన్.

రంజాన్. నేను ఉపవాసం, కోళ్ళు నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి.

తప్పు నాదే. మన ఊళ్ళో పొద్దుగూకగానే కోళ్ళను గంప కింద మూస్తాం. మా అమ్మ మూసింది, నేను మూశాను, ఇక్కడా మూశాను. మన ఊళ్ళో పొద్దుగూకితే చల్లబడుతుంది. ఇక్కడ పొద్దుగూకితే చీకటి పడుతుంది, అంతే. పొద్దున గంప ఎత్తితే ఎర్రపెట్ట చచ్చిపోయి ఉంది.

రజియా ఫ్రిజ్ మీద చీటీ వంకరగా ఉంటే సరిచేసింది.

గంప గోడకు తగిలించాను. ఇక కోళ్ళు బయటే పడుకుంటాయి, కుక్కల మధ్య. కాపలా అంటే ఏమిటో ఇప్పుడు అందరూ చూడవచ్చు.

1 జూలై.

ఈద్ అయింది. అందరూ బాగున్నారు. ఐదు పెట్టలు, ఒక పుంజు, రెండు కుక్కలు, నేను.

12 జూలై. మధ్యాహ్నం రెండు.

నా జీవితంలో ఇంత సంతోషంగా పాఠం చెప్పలేదు. బాష్పీభవనం. నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. మట్టికుండ చూపించి ముప్పై రెండేళ్ళు చెప్పాను, ఎవరికీ పట్టలేదు. ఇవాళ కొయ్యలు పాతి, గోనెపట్టాలు కట్టి, తోటకిచ్చే ఉప్పునీళ్ళతో తడిపాను. తాగడానికి మాత్రం మంచినీళ్ళు, అందులో మజ్జిగ, ఉల్లిపాయ తరుగు. వడగాలి పట్టాల్లోంచి దూరి చల్లగా వస్తోంది. బయట థర్మామీటరు నలభై ఎనిమిది. పట్టా కింద ముప్పై నాలుగు. ఖలందర్‌ను లాక్కొచ్చి చూపించాను. వాడు అక్కడే నిలబడి టీ తాగాడు.

విస్కీ ఒక్కటే రాదు. ఉత్తరం గోడ దగ్గర, వాటర్ ట్యాంకు నీడలో, మోచేతి లోతు గుంట తవ్వుకుని అందులో పడుకుంటుంది. బుద్ధి లేని జంతువు. గుంట పూడ్చేశాను.

16 జూలై.

మళ్ళీ తవ్వింది. మళ్ళీ పూడ్చాను.

25 జూలై.

నాలుగోసారి. నేను పూడుస్తుంటే పక్కనే కూర్చుని చూస్తుంది, పని అయ్యేదాకా ఆగి మొదలుపెడుతుంది. మొండితనంలో నా స్టూడెంట్లు దీని ముందు ఎందుకూ పనికిరారు.

14 ఆగస్టు, మంగళవారం.

రాయబుద్ధి కావడం లేదు.

పొద్దున లేచేసరికి కిటికీ అద్దాలు చెమట పట్టి ఉన్నాయి. సముద్రం వైపునుంచి తడిగాలి. ఇక్కడివాళ్ళు కోస్ అంటారు. ఒంటిమీద బట్ట అంటుకుపోతోంది. ఎండ తక్కువే అనిపించింది. అయినా కోళ్ళు మరీ రొప్పుతున్నాయని పట్టాలు ఇంకా తడిపాను, గంటకోసారి, బకెట్లకు బకెట్లు. మూడింటికి తెల్లపెట్ట పడిపోయింది. నాలుగింటికి మచ్చలపెట్ట.

నేనే చంపాను. గాలిలో తేమ ఎక్కువైన కొద్దీ బాష్పీభవనం తగ్గును. ముప్పై రెండేళ్ళు బోర్డు మీద నా చేత్తో రాశాను. తడిగాలిలో తడిపట్టా కట్టి, కోళ్ళను ఆవిరి మీద పెట్టాను, ఇడ్లీల్లాగా.

ఖలందర్ డ్యూటీనుంచి వచ్చి చూశాడు. అమ్మా, ఇక చాలు, మిగతావి కూడా రెండురోజుల్లో పోతాయి, నువ్వూ పోయేలా ఉన్నావు అన్నాడు. ఫ్రిజ్ మీది చీటీ తీసి ఫోన్ చేశాడు. శనివారం పదింటికి అపాయింట్‌మెంట్. మూడు పెట్టలకు, ఒక పుంజుకు ఇద్దరు కాపలాదారులు ఎందుకు అని వాడి లెక్క.

కుక్కలు రెండూ గుమ్మం బయట కూర్చుని వింటున్నాయి. షెర్రీ తోక ఊపింది. దానికి ఇంగ్లీషు వచ్చు, అపాయింట్‌మెంట్ అంటే మాత్రం తెలియదు.

15 ఆగస్టు. మధ్యాహ్నం ఒంటిగంట.

పెరట్లోకి పోవడానికి భయపడ్డాను. డెబ్భైకి దగ్గరపడ్డాక కోళ్ళను చూడటానికి భయం.

పట్టాల కింద ఒక్కటీ లేదు. పోయాయనుకున్నాను. ఉత్తరం గోడ దగ్గరికి వెళ్ళాను.

విస్కీ గుంటలో ఉంది. ఐదోసారి తవ్వినట్టుంది, ఈసారి ఇంకా లోతుగా, వెడల్పుగా. అడుగున మట్టి తేమగా, నల్లగా ఉంది. విస్కీ పొట్ట ఆ మట్టికి ఆనించి పడుకుని ఉంటే, దాని డొక్కకు ఆనుకుని రెండు పెట్టలు రెక్కలు పరిచి పడుకున్నాయి. పుంజు దాని వెనకకాళ్ళ మధ్య. అంచున షెర్రీ. షెర్రీ వీపు మీద నల్లపెట్ట, హెడ్మాస్టరులా.

నాలుగూ నోళ్ళు మూసుకుని ఉన్నాయి. రొప్పడం లేదు.

మట్టిలో చెయ్యి పెట్టి చూశాను. థర్మామీటరు తెచ్చి గుచ్చాను. పైన నలభై ఒకటి. గుంటలో ముప్పై ఒకటి. నేల లోపలి పొర ఆలస్యంగా వేడెక్కును. అది కూడా నా సిలబస్సే.

నాలుగుసార్లు పూడ్చాను. విస్కీని చూసి సారీ అన్నాను. కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది.

పట్టాలు పీకేశాను. గరిటెతో, తర్వాత ఖలందర్ పాత హెల్మెట్‌తో, నేనే రెండో గుంట మొదలుపెట్టాను.

17 ఆగస్టు, శుక్రవారం.

తడిగాలి నాలుగోరోజు. తిమ్మయ్య వచ్చాడు. పార తీసుకుని ఉత్తరం గోడ వెంట ఇంకో మూడు గుంటలు తవ్వాడు. తడిగాలికి గోనెలు కట్టగూడదు టీచరమ్మా, మా వఫ్రాలో కోస్ దిగితే ముందు తడిపట్టాలు పీకి పారేస్తాం అన్నాడు. మరి ముందే చెప్పలేదేం రా అన్నాను. చెప్తే బెంచీ యెక్కిస్తావని అన్నాడు.

మజ్జిగ తెచ్చి ఇచ్చాను.

నాలుగు కోళ్ళూ బతికే ఉన్నాయి. రేపు శనివారం.

18 ఆగస్టు, శనివారం.

ఎనిమిదింటికే పాత చీర కట్టుకుని కుక్కల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తీసుకెళ్ళేవాడు ముందు నన్ను తీసుకెళ్ళాలి.

తొమ్మిదిన్నరకు వెనక తలుపు తెరుచుకుంది. రజియా. మూడు నెలల్లో పెరట్లోకి దిగడం ఇదే మొదలు. చుడీదార్ కాళ్ళు పైకి పట్టుకుని, నీళ్ళలో నడుస్తున్నట్టు నడిచి, గుంట దగ్గరికి వచ్చి చూసింది. నల్లపెట్ట షెర్రీ వీపు మీదనుంచి దిగకుండానే ఆమెను చూసింది.

తర్వాత రజియా లోపలికి పోయింది. ఫోన్ డయల్ తిరుగుతున్న చప్పుడు. ఆస్పత్రి ఇంగ్లీషులో, గట్టిగా, వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పింది. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్. డాగ్స్ ఆర్ ఆన్ డ్యూటీ.

నేను గంట సేపు కుర్చీలోంచి లేవలేదు.

2 సెప్టెంబరు.

ఆగస్టు దాటింది.

7 సెప్టెంబరు, శుక్రవారం.

తిమ్మయ్య పెన్నుతో వచ్చాడు. మెట్టు మీద కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడిగాను. తడిగాలిలో గోనెపట్టా ఎందుకు పనిచేయదు? గాలే నిండా నీళ్ళు తాగుంటే ఇంగ గోనెలో నీళ్ళు యాడికి పోతాయి టీచరమ్మా అన్నాడు. పుస్తకంలో ఇంత బాగా లేదు. పద్దెనిమిదికి పదిహేడు కలిపాను. ముప్పై ఐదు. పాసు.

ఇంటికి ఉత్తరం రాస్తాడట.

20 సెప్టెంబరు.

నల్లపెట్ట పొదుగుకు కూర్చుంది. ఎక్కడ? విస్కీ గుంటలో. దాని కింద తొమ్మిది గుడ్లు పెట్టాను. పిల్లలు లేచే తారీకు రాసుకోవడానికి కాగితం కావాలంటే, రజియా ఫ్రిజ్ మీది చీటీ తీసి వెనక్కి తిప్పి ఇచ్చింది. 11 అక్టోబరు అని రాసి, మళ్ళీ అదే అయస్కాంతంతో అంటించాను.

11 అక్టోబరు. పొద్దున ఆరు.

ఏడు. తొమ్మిదికి ఏడు!

12 అక్టోబరు.

ఒక పిల్ల గుంట దాటి దారితప్పి గేటు వైపు పోయింది. విస్కీ వెళ్ళి నోట కరిచింది. నా ప్రాణం పోయింది. తెచ్చి నల్లపెట్ట ముందు దింపింది. తడిసింది, అంతే. నల్లపెట్ట అలవాటు ప్రకారం దాని ముక్కు మీద పొడిచింది.

కుక్క ఎంగిలి తగిలింది కదా ఫుప్పమ్మా, కుక్క మూతి పెట్టిన గిన్నెలా ఆ పిల్లను కూడా ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో, కడగాలా అని రజియా అడిగింది. మట్టిలో అదే పొర్లి స్నానం చేస్తుందిలే అన్నాను. నవ్వింది. తర్వాత, వీధి వైపు తిరిగి, నా కోడలు, నా తమ్ముడి కూతురు, సిగ్గు లేకుండా అరిచింది. విస్కీ! గేటు దగ్గర కూర్చో!

పెద్దమనుషులు మళ్ళీ నిలబడ్డారు.

3 నవంబరు.

చలి మొదలైంది. ఎవరు దింపారో, గోడకు తగిలించిన గంప నేలమీద బోర్లించి ఉంది. ఎత్తి చూశాను. కింద షెర్రీ, ముడుచుకుని. గంప మళ్ళీ దింపేశాను. నల్లపెట్ట వచ్చి గంప మీదికెక్కి కూర్చుంది. కాపలా.