పొదుగుడు పెట్టె చెప్పవలసిన ఒక్క మాట

మంగళవారం, స్టేషన్ ఘన్‌పూర్

1. కోడిగుడ్ల పొదుగుడు పెట్టె వేడిని చూసుకునే నా ప్రోగ్రాం తెల్లవారుజామున ఆగిపోయింది.
2. చేసిన ప్రతి పనినీ క్షణక్షణం లాగ్‌లో రాసుకుంటూ మెమరీ కార్డును నింపేయడమే కారణం.
3. మా ఆవిడ లక్ష్మి చెయ్యి పెట్టి చూసి, పెట్టె చల్లబడుతోందని నన్ను లేపింది; కార్డు ఖాళీ చేసి ప్రోగ్రాం మళ్లీ నడిపించాను.

సాయంత్రం టార్చి వెలుగులో చూస్తే గుడ్లలో పిల్లలు కదిలాయి. అప్పటికిగాని లక్ష్మి నవ్వలేదు.

"అచ్చం నీ లెక్కనే. తుమ్మినా రాసుకుంటది."

తప్పు జరిగితేనే రాసేలా మార్చాను.

"మరి సప్పుడు లేకుంటే మంచిగున్నట్టా, ఆగిపోయినట్టా?" అని అడిగింది. "నువ్వు గార్ల ఊరికి పోతే పూటకో ఫోన్ చేస్తవు గద. గట్ల చెయ్యమను."

గంటకొక్క మాట నా ఫోనుకు వచ్చేలా పెట్టాను: 'మంచిగున్న'.

ఇప్పుడే ఒకటి వచ్చింది. లక్ష్మికి చూపించాను. చదివి, అయినా లేచి వెళ్లి పెట్టె మీద చెయ్యి పెట్టి వచ్చింది...

రాత్రి 10.05
మేడిశెట్టి వెంకటనర్సయ్య