సుమేరియన్ల పంట తొక్కినవానిపై చర్య

శ్రీకాకుళం, ఆదివారం, ఆగస్టు 2016

కక్ష తీర్చుకునే ముందు నేరాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేయడం సక్రమ పద్ధతి గనుక, ఇది రాస్తున్నాను.

ఈ రోజు కోటలు కట్టి యుద్ధం చేసే కంప్యూటర్ ఆటలో నేను సుమేరియన్లనే ప్రాచీన జాతిని ఎంచుకున్నాను. వారి పొలాలు అందరికంటే ఎక్కువ పండుతాయి. ప్రహరీ లోపల వరి వేయడం మా వంశంలో లేదు గనుక, పన్నెండు మళ్లూ కోట బయటే వేశాను. ఎదురుపక్షంగా ఆడిన నా బావమరిది ఏనుగులను తోలుకొచ్చి మొత్తం తొక్కించాడు.

"ఏటి బావా, పంటంతా బయటెట్టి, గోడ సూసుకోడానికి కట్టావేటి?" అన్నాడు. మా ఆవిడ కూడా నవ్వింది.

వచ్చే ఆదివారం అతను మా ఇంటికి భోజనానికి వస్తాడు. పంట తొక్కినవానికి అన్నం నిషిద్ధం. చేప పొలంలో పండదు గనుక, ఉత్త చేపల పులుసు పోయవచ్చు. వడ్డించేది అతని అక్కే, అదొక్కటే నా భయం...

కావున ఆ రోజు అన్నం గరిటె నా జేబులో ఉంటుంది. ఇదే తుది నిబంధన.