తువాల కింద కువైట్ ధర

చేవెళ్ల
10 మార్చి 1969

ప్రభువునందు ప్రియమైన స్వామిదాసుకు, మామ శాంతయ్య దీవించి రాయించునది. దేవుని దయవల్ల మేమూ మా ఎడ్లూ క్షేమం. కువైట్ దవాఖానలో నువ్వూ, నువ్వు కట్లు కట్టే రోగులూ క్షేమమే అనుకుంటాను.

నాకు చూపు మసకైంది. అందుకని ఈ ఉత్తరం మా విమల చేత రాయిస్తున్నాను. నేను "చెప్పిన" అంటే ఆమె "చెప్పాను" అని రాస్తుంది. ప్రత్యేక రాష్ట్రం గొడవలతో ఊళ్ళో బడులన్నీ మూతపడ్డాయి గాని ఈ ఇంటి బడి మాత్రం నడుస్తూనే ఉన్నది.

విషయం ఏమంటే, మీ అమ్మ కనకమామిడి నుంచి వచ్చి విమలను నీకు ఇమ్మని అడిగింది. వరుసకు అల్లుడివే, మంచివాడివే. కానీ మంచితనానికి అంగట్లో ఎద్దు రాదు. మా పెద్దల్లుడూ మంచివాడే. పోయినేడు ఒంటికన్ను ఎద్దును రెండు కళ్ళ ధర పెట్టి కొన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎడ్ల బేరాలు కుదుర్చుతున్న దళారిని నేను. అట్లాంటి అల్లుడు ఇంకొకడు వస్తే అంగట్లో తలెత్తుకోలేను.

అందుకని నీకొక పరీక్ష పెడుతున్నాను. బస్సులు సరిగ్గా నడవక పేపరు రావడం లేదు. హైదరాబాద్‌లో ఏమవుతున్నదో తెలుసుకోవడానికి ఒక ట్రాన్సిస్టర్ రేడియో కావాలి. పట్నం దుకాణంలో జపాన్ రేడియో నాలుగు వందల ముప్పై. అదే రేడియో కువైట్‌లో నూటయాభై లోపే అని పాస్టరుగారి తమ్ముడు చెప్పాడు. నువ్వు ఎంతకు తెస్తావో చూసి విమల సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మామ శాంతయ్య

తా.క.: ఒకే ఎద్దు ఒక ఊళ్ళో నాలుగు వందలు, ఇంకో ఊళ్ళో నూరు అంటే, ఆ నూరు రూపాయలది తన్నేదైనా అయి ఉండాలి, దొంగదైనా అయి ఉండాలి. కనుక్కో.


కువైట్
2 ఏప్రిల్ 1969

పెద్దలైన శాంతయ్య మామకు స్వామిదాసు వందనాలు. నేను బాగున్నాను. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి.

మీరు చెప్పిన రేడియో చూశాను. ఆరు దీనార్లు, అంటే మన నూట ఇరవై ఆరు రూపాయలు. అది తన్నదు, దొంగదీ కాదు. ధరలో తేడా ఎందుకంటే, ఈ సర్కారుకు నూనె బావుల ఆదాయం ఉంది. బయటి నుంచి వచ్చే సామాను మీద సుంకం పేరుకు మాత్రమే వేస్తుంది. రేడియోలు తయారుచేసే ఫ్యాక్టరీలు ఇక్కడ లేవు కాబట్టి కాపాడుకోవలసిన పని లేదు. మన దగ్గర మన ఫ్యాక్టరీలు నిలదొక్కుకోవాలని బయటి రేడియో మీద బోలెడు సుంకం వేస్తారు. పైన ఓడ కిరాయి, దుకాణం కిరాయి, మధ్యవాళ్ళ లాభం. జపాన్‌లో బయలుదేరింది ఒకటే రేడియో. దారిలో ఎన్ని చేతులు పడితే అంత ధర.

దుకాణంలో డబ్బా మీదే ధర రాసి ఉంది. జీతం రాగానే ఆ ఆరు దీనార్లు ఇచ్చి తీసుకుంటాను.

మీ విధేయుడు,
స్వామిదాసు

తా.క.: విమల ఆరోగ్యం ఎట్లా ఉన్నదో తెలపగలరు.


చేవెళ్ల
22 ఏప్రిల్ 1969

స్వామిదాసుకు శాంతయ్య దీవెనలు. క్షేమసమాచారాలు తర్వాత. డబ్బా మీద రాసిన ధర ఇచ్చి కొంటావా? ఆ వాక్యం విమల చదవగానే మీ అత్త ధనమ్మ "అయ్యో, పిలగాడు గింత అమాయకుడా!" అని చాట పక్కన పెట్టేసింది.

సుంకం సంగతి నాకు నేర్పకు. నిజాం కాలంలో షోలాపూర్ దిక్కు నుంచి ఎడ్లు తోలుకొచ్చి కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం కట్టినవాణ్ణి. నాకా దాటితే ఐదో పదో పెరుగుతుంది, మూడు వందలు పెరుగుతుందా? దేశానికో ధర ఉండదు స్వామిదాసూ, మనిషికో ధర ఉంటుంది. కువైట్‌వాళ్ళకు బేరం చేయడం తెలుసు, పట్నంవాళ్ళకు తెలియదు. అంతే తేడా.

బేరం నోటితో చేయకూడదు. దుకాణదారు చేయి నీ చేతిలోకి తీసుకో. పైన తువాల కప్పు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర మీ ఇద్దరికే తెలుస్తుంది. మొహం మాత్రం కడుపునొప్పి వచ్చినట్టు పెట్టు. కుదిరితే తువాలకు ముడి వెయ్యి. ముడి పడ్డాక బేరం తిరగదు, తిరిగినవాడు మళ్ళీ అంగట్లో అడుగుపెట్టలేడు. అంతకుముందే ఎద్దుకు చూసినట్టు నోట్లో పండ్లు చూడు, నడిపించి చూడు.

ఇట్లు,
నీ మేలు కోరే శాంతయ్య

తా.క. 1: విమల ఆరోగ్యం అడిగావు. ఈ ఉత్తరం రాసేది ఆమెనే. చేతిరాత చూసుకో.

తా.క. 2: ఇక్కడ మన పక్కనున్న ప్రొద్దుటూరు నుంచి పేతురు అనే పిల్లవాడి సంబంధం వచ్చింది. కొమ్ము విరిగిన ఎద్దును కొమ్ములున్న ధరకే అమ్మాడట. ఆలోచిస్తున్నాను.


కువైట్
30 మే 1969

శాంతయ్య మామకు స్వామిదాసు వందనాలు. చేతిరాత చూశాను. ఆరోగ్యం బాగానే ఉన్నట్టుంది, సంతోషం.

మీరు చెప్పినట్టే చేశాను. దుకాణదారు చేయి పట్టుకుని తువాల కప్పాను. అతను పెద్ద కేక పెట్టాడు. చేతి గడియారం లాక్కుంటున్నానని అనుకున్నాడట. పక్క దుకాణాలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకతను పోలీసును పిలవబోయాడు. నేను మాత్రం మీరు చెప్పిన కడుపునొప్పి మొహం మార్చలేదు. అప్పుడు అది కావాలని పెట్టింది కూడా కాదు, నిజమైనదే.

అంతలో లోపలి నుంచి దుకాణదారు తండ్రి వచ్చాడు. ఆయన ఒకప్పుడు ముత్యాల వర్తకుడు. ఇక్కడ కొని బొంబాయిలో అమ్మేవాడు. వాళ్ళు కూడా గుడ్డ కింద వేళ్ళతోనే బేరం చేసేవాళ్ళట! నా తువాల చూసి ఆ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ బేరం చేసి ముప్పై ఏళ్ళయింది బేటా" అన్నాడు బొంబాయి ఉర్దూలో. కొడుకును లేపి తాను కూర్చున్నాడు. చాయ్ తెప్పించాడు. రెండు గంటలు కూర్చున్నాం.

ముందు ఆయన నా వేళ్ళు నాలుగు పట్టుకున్నాడు. నాలుగు దీనార్లు అనుకుని సంబరంగా తల ఊపాను. కాసేపటికి ఐదు వేళ్ళూ పట్టుకున్నాడు. మనసు మార్చుకున్నాడు కాబోలు, అయినా ఆరు కంటే తక్కువే గదా అని ముడి వేశాను. అప్పుడు ఆయన నా ముందు నాలుగు రేడియోలు పెట్టాడు. ముత్యాల బేరంలో మొదట ఎన్ని అన్నది తేలుతుందట, ఆ తర్వాతే ఒక్కోదాని ధర. ఇరవై దీనార్లు ఇచ్చి వచ్చాను. రెండు నెలలుగా మిగుల్చుకున్నదంతా అయిపోయింది.

మీ విధేయుడు,
స్వామిదాసు

తా.క.: పండ్లు చూద్దామని వెనక మూత తీశాను. లోపల చాలానే ఉన్నాయి. ఒకటి కింద పడిపోతే ముసలాయనే వెతికి బిగించాడు.


చేవెళ్ల
20 జూన్ 1969

స్వామిదాసుకు శాంతయ్య రాయించునది. ఒక ఎద్దు తెమ్మంటే మందను తోలుకొస్తావా? నాలుగు రేడియోలతో బొంబాయి నాకా దగ్గర దిగితే నిన్ను మనిషి అనుకోరు, దుకాణం అనుకుంటారు.

మూడు తిరిగి ఇచ్చెయ్. ముడి పడ్డాక బేరం తిరగదని నేనే అన్నాను. అది ఎడ్లకు, డబ్బాలకు కాదు. మూడూ తిరిగి ఇచ్చినట్టు నీ ఉత్తరం రాకపోతే పేతురుకు మాట ఇచ్చేస్తాను. మొన్న తల్లితో కలిసి వచ్చాడు. మా ఇంట్లో చాయ్ తాగుతూ మా బర్రెకే బేరం పెట్టాడు. చురుకైనవాడు.

నీ సుంకం లెక్క తప్పని నేనే చూపిస్తాను. కర్ఫ్యూ సడలించగానే పట్నం పోయి అదే జపాన్ రేడియోను నూట ఇరవైకి తెస్తాను. బేరం అంటే ఎట్లా ఉంటుందో చూస్తారని పేతురును, విమలను కూడా తీసుకుపోతున్నాను.

ఇట్లు,
శాంతయ్య

తా.క.: "మూడు తిరిగి ఇచ్చెయ్" అన్న మాట విమలకు నాలుగుసార్లు చెప్పవలసి వచ్చింది. కలంలో సిరా లేదంటుంది. మిగతా ఉత్తరానికి మాత్రం సిరా ఎట్లా వచ్చిందో తెలియదు.


కువైట్
8 జూలై 1969

శాంతయ్య మామకు వందనాలు.

మూడు రేడియోలు తిరిగి ఇవ్వలేను. మీ ఉత్తరం చూసి, ఇద్దామనే ఆ దుకాణానికి వెళ్ళాను. ముసలాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పక్కన కూర్చున్నవాళ్ళకు నన్ను చూపించి, "చేతితో ఇచ్చిన మాటకు కట్టుబడేవాళ్ళు వీళ్ళ దేశంలో ఇంకా ఉన్నారు" అన్నాడు. ఆ మాట విన్నాక సంచీ విప్పలేకపోయాను. చాయ్ తాగి నాలుగు రేడియోలతో తిరిగి వచ్చాను.

నాకు బేరం చేతకాదు మామా, ఒప్పుకుంటున్నాను. కానీ ఇన్ని ఉత్తరాలు రాసింది రేడియో కోసం కాదు, విమల కోసం. ఆమె అంటే నాకు ఇష్టం. ఆమెను పేతురుకు ఇస్తే చాలా బాధపడతాను. అయినా ముడి వేసిన మాట తప్పను. నాకు సెలవు దొరికింది. సెప్టెంబరు పదో తేదీన ఓడ ఎక్కుతాను. బొంబాయిలో నాలుగూ చూపించి ఎంత సుంకం అడిగితే అంత కడతాను.

మీ
స్వామిదాసు

తా.క.: సుంకం కలిపితే ఒక్కొక్కటి దాదాపు పట్నం ధరకే వస్తుందని ఇక్కడివాళ్ళు అంటున్నారు. ఈ వాక్యం అత్తకు చదవకండి.


చేవెళ్ల
5 ఆగస్టు 1969

ప్రభువునందు ప్రియమైన అల్లుడు స్వామిదాసుకు మామ శాంతయ్య దీవెనలు. వానలు బాగున్నాయి. జొన్న మొలిచింది. అందరం సంతోషంగా ఉన్నాం.

పట్నం పోయి రేడియో తెచ్చాను. ధర సంగతి ఉత్తరాల్లో రాసుకునేది కాదు. సుంకం గురించి నువ్వు రాసిన దాంట్లో సగం నిజం ఉండవచ్చు.

పేతురు సంబంధం వద్దనుకున్నాను. వాడికి నోరు నిలవదు. పట్నంలో జరిగింది ప్రొద్దుటూరు దాకా చెప్పుకుంటూ పోయేవాడు మన ఇంటికి పనికిరాడు. నువ్వు చూడు, అంత దూరాన ఉన్నావు, నీకు ఏమీ తెలియదు. అల్లుడంటే అట్లా ఉండాలి. నాలుగు రేడియోలూ తీసుకుని రా. విమల నీదే.

ఇట్లు,
మామ శాంతయ్య

తా.క.: బావా, ఇది నేను సొంతంగా రాస్తున్నాను. బాపు రేడియో భుజానికి తగిలించుకుని అంగడికి పోయాడు.

పట్నం దుకాణంలో సేఠ్ చాలా మర్యాద చేశాడు. కుర్చీ వేసి రేడియో ముందు పెట్టాడు. బాపు కడుపునొప్పి మొహం పెట్టి, భుజం మీది తువాల తీసి ఆయన చేతిమీద కప్పాడు. బయట వాన పడుతున్నది. సేఠ్ "షుక్రియా" అని తువాల అందుకుని, రేడియోను దాంట్లో చుట్టి, గట్టిగా ముడి వేసి బాపు చేతిలో పెట్టాడు. బాపు చాలాసేపు ఆ ముడిని చూశాడు. తర్వాత నా దిక్కు చూసి, "ముడి పడ్డది బిడ్డా, ఇంగ ఏం జేస్తం?" అన్నాడు. ఎందుకైనా మంచిదని అమ్మ నా కొంగున కట్టి పంపిన పైసలతో సహా, నాలుగు వందల ముప్పై లెక్కపెట్టి ఇచ్చాడు. ఒక్క రూపాయి తగ్గలేదు. పేతురు "బేరం జూపిస్తనంటివి గదా మామా!" అని మొయినాబాద్ వచ్చేదాకా బస్సులో నవ్వుతూనే ఉన్నాడు.

చేవెళ్లలో మాత్రం ఆ రేడియో నువ్వు కువైట్ నుంచి నూట ఐదుకు పంపిందని బాపు చెప్పుకుంటున్నాడు. నీకు తెలియనట్టే ఉండు.

మూడు తిరిగి ఇవ్వలేనని నువ్వు రాసిన ఉత్తరం బాపుకు ఒకసారి చదివి వినిపించాను. నాకోసం చాలాసార్లు చదువుకున్నాను. నాకూ నువ్వంటే ఇష్టం. ఇంతకుముందే రాద్దును గాని ఏ ఉత్తరంలోనూ నాకు చోటు లేదు.

ఇంకొక మాట. పెళ్ళికి ముందు గుడిలో మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు కదా, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పమని. మీ అమ్మ వచ్చి మన పేర్లు ఇచ్చింది. మొన్న ఆదివారం మొదటిసారి చదివారు. ఎవరూ లేవలేదు. ఈ ఉత్తరం నీకు చేరడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది. అప్పటికి మూడు ఆదివారాలూ అయిపోతాయి. నీకేమైనా అభ్యంతరం ఉంటే, బావా, ఆలస్యమైపోయింది.